ఒకే సెక్షన్, రెండు కొలతలు: అమెరికా అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ - రైలు, రోడ్డు రవాణాలో వివక్ష ప్రశ్న (1887-1961)

వ్యాససంగ్రహం:
అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రైలు రవాణాను 1887 నుండి, రోడ్డు రవాణాను 1935 నుండి నియంత్రించిన జాతీయ సంస్థ అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్. రవాణా సంస్థలు ఎవరిపట్లా అనుచితమైన పక్షపాతం చూపరాదన్న నిబంధన దాని మూల చట్టంలోనే ఉంది. సరుకులు, పట్టణాలు ఫిర్యాదుదారులుగా నిలిచినప్పుడు ఈ నిబంధనను కమిషన్ చదివిన తీరు ఒకటి, నల్లజాతి ప్రయాణికులు ఫిర్యాదు చేసినప్పుడు చదివిన తీరు మరొకటి. ఈ రెండు పఠనాల మధ్య దూరాన్ని, ఆ దూరం తగ్గడానికి పట్టిన కాలాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్, రైలు రవాణా, మోటారు రవాణా, మూడవ సెక్షన్, వివక్ష, పౌరహక్కులు.

1. ఉపోద్ఘాతం

అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ చరిత్ర సాధారణంగా రెండు వేరువేరు అల్మరాలలో దొరుకుతుంది. ఆర్థిక చరిత్రకారులు రాసిన గ్రంథాలలో అది ఛార్జీలను నిర్ణయించిన సంస్థ. పౌరహక్కుల ఉద్యమ చరిత్రలలో అది 1961లో బస్‌స్టేషన్ల గోడల మీది 'తెల్లవారికి మాత్రమే' అన్న బోర్డులను తీయించిన సంస్థ. ఒక అల్మరా తెరిచినవారు రెండవదాని జోలికి అంతగా పోరు. నిజానికి ఈ రెండు పనులకూ ఆధారం ఒకే చట్టంలోని ఒకే వాక్యం. సాహిత్య విద్యార్థికి ఈ విషయంలో ఆసక్తి కలగడానికి కారణం అదే. ఒక వాక్యం మారకుండా ఉండగా దాని అర్థం ఎట్లా మారింది? మారడానికి డెబ్బై ఏళ్లకు పైగా ఎందుకు పట్టింది?

2. కమిషన్ పుట్టుక

అంతర్యుద్ధం తరువాత అమెరికా మధ్య పశ్చిమ ప్రాంత రైతు తన ధాన్యాన్ని తూర్పు తీరానికి పంపడానికి రైలు కంపెనీల మీదనే ఆధారపడ్డాడు. రెండు మూడు కంపెనీలు పోటీపడే పెద్ద పట్టణాలలో ఛార్జీ తక్కువ. ఒకే లైను ఉన్న చిన్న ఊరిలో కంపెనీ చెప్పిందే ధర. 1867లో ఏర్పడిన 'గ్రేంజ్' అనే రైతు సంఘం ఒత్తిడితో ఇల్లినాయ్, అయోవా, మిన్నెసోటా, విస్కాన్సిన్ రాష్ట్రాలు 1870లలో ఛార్జీలపై చట్టాలు చేశాయి. 1877లో మన్ కేసులో సుప్రీంకోర్టు అటువంటి నియంత్రణను సమర్థించింది కూడా.

ఆ ఆశ 1886లో వాబాష్ కేసుతో చెదిరిపోయింది. ఇల్లినాయ్‌లోని పియోరియా నుండి న్యూయార్క్‌కు వంద పౌన్ల సరుకుకు వాబాష్ కంపెనీ 15 సెంట్లు తీసుకుంది. అదే రకం సరుకుకు గిల్మన్ నుండి 25 సెంట్లు తీసుకుంది. గిల్మన్ న్యూయార్క్‌కు 86 మైళ్లు దగ్గర. దగ్గరివాడు ఎక్కువ చెల్లించాడు, దూరపువాడు తక్కువ చెల్లించాడు. ఇది అన్యాయమని ఇల్లినాయ్ రాష్ట్రం వాదించింది. అయితే రాష్ట్ర సరిహద్దు దాటే వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం ఏ రాష్ట్రానికీ లేదని, అది జాతీయ శాసనసభ పని అని కోర్టు తేల్చింది. రాష్ట్రాల చేతులు కట్టేయడంతో కాంగ్రెస్ కదలక తప్పలేదు. 1887 ఫిబ్రవరి 4న అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ సంతకంతో వాణిజ్య నియంత్రణ చట్టం వచ్చింది. అయిదుగురు సభ్యుల కమిషన్ ఏర్పడింది. మిచిగన్‌కు చెందిన ప్రసిద్ధ న్యాయవేత్త థామస్ కూలీ తొలి అధ్యక్షులయ్యారు.

ఆ చట్టంలోని మొదటి సెక్షన్ ఛార్జీలు న్యాయంగా, సమంజసంగా ఉండాలంటుంది. నాలుగవది వాబాష్ కేసులోని దూరం-దగ్గర అన్యాయాన్ని నిషేధిస్తుంది. ఆరవది ఛార్జీల పట్టికను బహిరంగంగా ప్రకటించాలంటుంది. మన చర్చకు కేంద్రం మూడవ సెక్షన్. ఏ వ్యక్తికి గాని, కంపెనీకి గాని, ప్రాంతానికి గాని, ఏ రకపు సరుకుకు గాని అనుచితమైన, అసమంజసమైన ప్రాధాన్యం ఇవ్వరాదనీ, వారిని ఏ విషయంలోనూ అనుచితమైన నష్టానికి, ప్రతికూలతకు గురిచేయరాదనీ దాని సారాంశం.

ఇక్కడ ఒక అనువాద సమస్యను ప్రస్తావించాలి. మూలంలోని 'ప్రెజుడిస్' అన్న మాటను మనం అలవాటుగా 'దురభిప్రాయం' అంటాం. చట్ట పరిభాషలో దానికి హాని, నష్టం అన్నది అర్థం. అంటే ఈ సెక్షన్ కంపెనీ మనసులో ఏముందో అడగదు, అవతలివారికి నష్టం జరిగిందా అని మాత్రమే అడుగుతుంది. ఈ భేదం తరువాతి కేసులలో కీలకమవుతుంది.

ఈ వాక్యం అమెరికాలో పుట్టింది కాదు. బ్రిటన్ 1854లో చేసిన రైల్వే, కాలువల రవాణా చట్టం నుండి వచ్చింది. అదే మూలం నుండి దాదాపు అవే మాటలు 1890 నాటి భారతీయ రైల్వేల చట్టం 42వ సెక్షన్‌లోకీ వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం మద్రాసు కేంద్రంగా పనిచేసిన రైల్వే రేట్స్ ట్రిబ్యునల్ విచారించిన అనుచిత ప్రాధాన్య ఫిర్యాదులు ఈ వాక్య సంతానమే. లండన్‌లో రాసిన ఒక వాక్యం మూడు ఖండాలలో రైలు కంపెనీలను ప్రశ్నించే సాధనమయిందన్నమాట.

3. ప్రాంతానికి జరిగిన అన్యాయం: ష్రీవ్‌పోర్ట్

మొదటి ఇరవై ఏళ్లు కమిషన్‌కు కోరలు లేవు. ఛార్జీ అన్యాయమని చెప్పగలదు కాని న్యాయమైన ఛార్జీ ఎంతో నిర్ణయించే అధికారం దానికి లేదని 1897లో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకుముందే, 1892లో, రైల్వే కంపెనీల న్యాయవాది రిచర్డ్ ఓల్నీ ఒక రైల్వే అధ్యక్షునికి రాసిన లేఖలో ఈ కమిషన్‌ను రద్దు చేయించే ప్రయత్నం వద్దని సలహా ఇచ్చారు. ప్రభుత్వ పర్యవేక్షణ కావాలన్న ప్రజల కోరికను అది తీరుస్తుందనీ, ఆ పర్యవేక్షణ పేరుకు మాత్రమే ఉంటుందనీ, కాలం గడిచేకొద్దీ అది కంపెనీల వైపే మొగ్గుతుందనీ ఆయన అంచనా. మరుసటి ఏడాదే ఆయన దేశ అటార్నీ జనరల్ అయ్యారు! నియంత్రణను కోరుకున్నది రైల్వే కంపెనీలేనని 1965లో గేబ్రియల్ కోల్కో చేసిన ప్రసిద్ధ వాదానికి ఇటువంటి ఆధారాలు బలమిచ్చాయి. ఆ వాదం పూర్తిగా నిలుస్తుందని నేను అనుకోను. 1906 నాటి హెప్‌బర్న్ చట్టం గరిష్ఠ ఛార్జీని నిర్ణయించే అధికారం ఇచ్చిన తరువాత కమిషన్ కంపెనీలకు కష్టం కలిగించిన సందర్భాలు చాలా ఉన్నాయి.

వాటిలో ముఖ్యమైనది ష్రీవ్‌పోర్ట్ కేసు. ష్రీవ్‌పోర్ట్ లూసియానా రాష్ట్రంలో, టెక్సస్ సరిహద్దు దగ్గర ఉన్న పట్టణం. తూర్పు టెక్సస్ ఊళ్లకు సరుకు అమ్మడంలో అది డాలస్, హ్యూస్టన్ నగరాలతో పోటీపడేది. టెక్సస్ రాష్ట్ర కమిషన్ తన రాష్ట్రంలోపలి ఛార్జీలను తక్కువగా ఉంచింది. ఫలితంగా 60 సెంట్ల ఛార్జీకి డాలస్ నుండి తూర్పు వైపు 160 మైళ్లు వెళ్లే సరుకు, ష్రీవ్‌పోర్ట్ నుండి అదే ఛార్జీకి టెక్సస్‌లోకి 55 మైళ్లు మాత్రమే వెళ్లేది. లూసియానా ఫిర్యాదుపై కమిషన్ 1912లో ఇది మూడవ సెక్షన్ ప్రకారం ఒక ప్రాంతం పట్ల వివక్ష అని నిర్ణయించింది. 1914లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని నిలబెట్టింది. రాష్ట్రం లోపలి ఛార్జీ అయినా సరే, అది అంతర్రాష్ట్ర వాణిజ్యానికి హాని చేస్తే జాతీయ సంస్థ దానిని సరిచేయవచ్చునన్నది తీర్పు. దానిని రాసినవారు న్యాయమూర్తి ఛార్లెస్ ఎవాన్స్ హ్యూస్. ఈ పేరు మళ్లీ వస్తుంది.

ష్రీవ్‌పోర్ట్ వర్తకుల సరుకు మొత్తం ఎంత, డాలస్ వర్తకుల సరుకుతో పోలిస్తే అది లెక్కలోకి వచ్చేంత ఉందా అన్నది తీర్పుకు ప్రాతిపదిక కాలేదు. ఒకే సేవకు ఇద్దరి దగ్గర వేరువేరు ధర తీసుకున్నారా? తీసుకుంటే దానికి రవాణాకు సంబంధించిన కారణం ఉందా? ప్రశ్నలు ఇవే. రాష్ట్ర విధానం, స్థానిక ఆచారం సమాధానాలుగా చెల్లలేదు.

4. ప్రయాణికునికి జరిగిన అన్యాయం: కౌన్సిల్ నుండి మిచెల్ దాకా

కమిషన్ ఏర్పడిన ఏడాదే, 1887లో, విలియం హూపర్ కౌన్సిల్ దాని తలుపు తట్టారు. ఆయన అలబామాలోని హంట్స్‌విల్‌లో నల్లజాతి ఉపాధ్యాయులను తయారుచేసే పాఠశాలకు ప్రధానాచార్యులు. వెస్టర్న్ అండ్ అట్లాంటిక్ రైలులో మొదటి తరగతి ఛార్జీ చెల్లించి ఎక్కిన ఆయనను సిబ్బంది బలవంతంగా నల్లవారి పెట్టెలోకి పంపారు. మూడవ సెక్షన్ కింద ఆయన చేసిన ఫిర్యాదు న్యాయమైనదేనని కమిషన్ ఒప్పుకుంది. అదే ఛార్జీ తీసుకున్నప్పుడు అదే స్థాయి వసతి ఇవ్వాలంది. కాని నల్లవారిని వేరుగా కూర్చోబెట్టడం మాత్రం అనుచిత నష్టం కాదని కూడా అంది. 1888లో మతబోధకుడు విలియం హర్డ్ జార్జియా రైల్‌రోడ్‌పై చేసిన ఫిర్యాదులోనూ ఇదే తీర్పు. మరుసటి ఏడాది ఆయన అదే కంపెనీపై మళ్లీ కమిషన్ ముందుకు రావలసి వచ్చిందంటే మొదటి ఆదేశం ఎంత పనిచేసిందో ఊహించవచ్చు.

'వేరైనా సమానం' అన్న సిద్ధాంతం అనగానే 1896 నాటి ప్లెస్సీ తీర్పును ఉదహరిస్తాం. దానికి తొమ్మిదేళ్ల ముందే ఒక జాతీయ నియంత్రణ సంస్థ రైలు పెట్టెల విషయంలో ఆ సిద్ధాంతాన్ని రాసిపెట్టింది. దక్షిణాది ఆచారాన్ని కమిషన్ తాను మార్చవలసిన విషయంగా కాక, తాను లెక్కలోకి తీసుకోవలసిన వాస్తవంగా చూసింది.

ఈ చూపు ఎంత దూరం వెళ్లిందో ఆర్థర్ మిచెల్ కేసు చూపుతుంది. మిచెల్ ఇల్లినాయ్ నుండి ఎన్నికైన కాంగ్రెస్ సభ్యులు, అప్పటికి ఆ సభలో ఉన్న ఏకైక నల్లజాతి ప్రతినిధి. 1937 ఏప్రిల్‌లో షికాగో నుండి ఆర్కన్సా రాష్ట్రంలోని హాట్‌స్ప్రింగ్స్‌కు మొదటి తరగతి టికెట్టుతో బయలుదేరారు. మెంఫిస్ దాటి ఆర్కన్సాలో ప్రవేశించగానే, అరెస్టు చేయిస్తానని బెదిరించి కండక్టర్ ఆయనను పుల్‌మన్ పెట్టె నుండి నల్లవారి పెట్టెకు పంపాడు. ఫిర్యాదును కమిషన్ 1938లో కొట్టివేసింది. పుల్‌మన్ వసతి కోరే నల్లజాతి ప్రయాణికులు చాలా తక్కువమంది, ఆ కొద్దిమంది కోసం ప్రత్యేక పెట్టె నడపమనడం సమంజసం కాదన్నది దాని తర్కం.

ష్రీవ్‌పోర్ట్‌కు వర్తించని కొలత ఇక్కడికి ఎట్లా వచ్చింది? పట్టణం నష్టపోయినప్పుడు కమిషన్ ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి పోల్చింది. ప్రయాణికుడు నష్టపోయినప్పుడు ఆయనను ఒక సమూహంలో కలిపి, ఆ సమూహంలో ఎందరున్నారని లెక్కపెట్టింది. సెక్షన్‌లోని 'ఏ వ్యక్తికి గాని' అన్న మాట అక్కడే ఉంది. 1941 ఏప్రిల్ 28న కమిషన్ నిర్ణయాన్ని తోసిపుచ్చిన సుప్రీంకోర్టు పట్టుకున్నది ఈ మాటనే. సమానంగా చూడబడే హక్కు వ్యక్తిది, అటువంటివారు ఎందరున్నారన్న దానిపై అది ఆధారపడదని తీర్పు చెప్పింది. రాసినవారు అప్పటికి ప్రధాన న్యాయమూర్తి అయిన హ్యూస్. ఇరవై ఏడేళ్ల క్రితం పట్టణం పక్షాన చదివిన సెక్షన్‌ను ఆయన ఇప్పుడు మనిషి పక్షాన చదివారు.

5. తెర కట్టిన భోజనశాల

మిచెల్ తీర్పు తరువాత కమిషన్ మారిందా? 1942 మే 17న ఎల్మర్ హెండర్సన్ అనే ప్రభుత్వోద్యోగి సదరన్ రైల్వే రైలులో భోజనానికి వెళ్లారు. వంటగదికి దగ్గరగా ఉన్న రెండు బల్లలు షరతులతో నల్లవారికి కేటాయించి ఉన్నాయి. వాటి దగ్గర అప్పటికే కొందరు తెల్లవారు కూర్చున్నారు. ఒక కుర్చీ ఖాళీగా ఉన్నా హెండర్సన్‌ను కూర్చోనివ్వలేదు. ఖాళీ అయ్యాక కబురు పెడతామన్నారు, పెట్టలేదు. ఆయన మరి రెండుసార్లు వెళ్లారు. రాత్రి ఆ పెట్టెను రైలు నుండి విడదీసేదాకా ఆయనకు ఆ భోజనశాలలో భోజనం దొరకలేదు.

కేసు నడుస్తుండగా కంపెనీ నియమాన్ని మార్చింది. నాలుగేసి కుర్చీల బల్లలు పది తెల్లవారికి, ఒకటి నల్లవారికి, మధ్యలో తెర. కమిషన్ ఈ ఏర్పాటును ఆమోదించింది. ఒక బల్ల నల్లజాతి ప్రయాణికుల నిష్పత్తికి సరిపోతుందన్న పాత లెక్క మళ్లీ వచ్చింది. అప్పీలులో ఒక అరుదైన ఘటన జరిగింది. కమిషన్ నిర్ణయాన్ని సమర్థించవలసిన దేశ సొలిసిటర్ జనరల్ ఆ పని చేయనని హెండర్సన్ పక్షాన వాదించారు. 1950 జూన్ 5న సుప్రీంకోర్టు మూడవ సెక్షన్ ఆధారంగానే ఆ తెరను, ఆ కేటాయింపును కొట్టివేసింది. ఖాళీ కుర్చీ ఉండగా టికెట్టు ఉన్న మనిషిని నిలబెట్టడం నష్టం కాకపోతే మరేది నష్టమన్నది ఆ తీర్పు వెనుక ఉన్న సరళమైన ఆలోచన.

6. రోడ్డు మీదికి వచ్చిన సెక్షన్

ఈలోగా కమిషన్ పరిధి రైలు దాటింది. 1920లలో ట్రక్కులు, బస్సులు పెరిగాయి. సరిహద్దు దాటే మోటారు వాహనానికి పోటీ నెపంతో రాష్ట్రం అనుమతి నిరాకరించరాదని 1925లో కోర్టు చెప్పడంతో వాబాష్ నాటి శూన్యమే మళ్లీ ఏర్పడింది. ఆర్థిక మాంద్యంలో ఛార్జీల పోటీ రైలు కంపెనీలను, చిన్న ట్రక్కు యజమానులను ఒకేసారి దెబ్బతీసింది. కమిషన్ సభ్యులూ, ఆనాటి జాతీయ రవాణా సమన్వయాధికారీ అయిన జోసెఫ్ ఈస్ట్‌మన్ కృషితో 1935 ఆగస్టు 9న మోటారు వాహక చట్టం వచ్చింది. ఆపై అంతర్రాష్ట్ర బస్సుకు, ట్రక్కుకు కమిషన్ ఇచ్చే ధ్రువపత్రం తప్పనిసరి. ఏ దారిలో, ఏ సరుకుతో అన్నది ఆ పత్రమే చెప్పేది. వెళ్లేటప్పుడు నిండుగా పోయి, తిరుగు ప్రయాణంలో ఖాళీగా వచ్చే ట్రక్కులు ఈ విధానానికి గుర్తుగా మిగిలాయి. రైతు ఉత్పత్తులకు మినహాయింపు ఉండేది. అయితే ఈకలు తీసి శుభ్రం చేసిన కోడి రైతు ఉత్పత్తేనా, కర్మాగారపు వస్తువా అన్న వివాదం 1956లో సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. రైతు ఉత్పత్తేనని కోర్టు తేల్చింది. మన 1939 మోటారు వాహనాల చట్టపు పర్మిట్ల వ్యవస్థను ఎరిగిన పాఠకులకు ఇటువంటి వివాదాలు కొత్త కాదు.

ఈ చట్టంలో, 216వ సెక్షన్‌లో, పాత మూడవ సెక్షన్ మాటలు యథాతథంగా బస్సులకూ వర్తించాయి.

1952 ఆగస్టులో సేరా కీస్ అనే యువతి న్యూజెర్సీలోని సైనిక శిబిరం నుండి నార్త్ కరోలినాలోని తన ఊరికి బస్సులో బయలుదేరారు. ఆమె మహిళా సైనిక దళంలో సిపాయి, యూనిఫాంలోనే ఉన్నారు. రోనోక్ ర్యాపిడ్స్‌లో కొత్త డ్రైవరు ఆమె సీటును తెల్లవారికి ఇచ్చి వెనక్కి వెళ్లమన్నాడు. ఆమె లేవలేదు. డ్రైవరు మిగిలిన ప్రయాణికులను మరో బస్సులోకి ఎక్కించి, ఆమెను ఎక్కనివ్వలేదు. ఆ రాత్రి ఆమె పోలీసు నిర్బంధంలో గడిపారు. 25 డాలర్ల జరిమానా పడింది.

ఆమె న్యాయవాది డవీ జాన్సన్ రౌండ్‌ట్రీ, నల్లజాతి మహిళ, ఫిర్యాదును కమిషన్ ముందు పెట్టారు. 1954లో విచారణాధికారి దానిని తిరస్కరించారు. విద్యాసంస్థల గురించి ఆ ఏడాదే వచ్చిన బ్రౌన్ తీర్పు బస్సులకు వర్తించదన్నారు. పూర్తి కమిషన్ 1955 నవంబరు 7న ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. జాతిని బట్టి సీట్లు వేరుచేయడమే అనుచిత నష్టమని తొలిసారిగా స్వయంగా చెప్పింది. దక్షిణ కరోలినాకు చెందిన సభ్యుడు మన్రో జాన్సన్ ఒక్కరే విభేదించారు. రైళ్ల విషయంలోనూ అదే రోజు అదే నిర్ణయం. కౌన్సిల్ ఫిర్యాదుకు, ఈ నిర్ణయానికి మధ్య అరవై ఎనిమిదేళ్లు గడిచాయి. ఈ నిర్ణయం బయటికి వచ్చిన వారానికే, డిసెంబరు 1న, మాంట్‌గోమరీలో రోజా పార్క్స్ అరెస్టయ్యారు. ఆమె ఎక్కినది నగర బస్సు కనుక కమిషన్ పరిధిలోకి రాలేదు. చరిత్ర పుస్తకాలలో సేరా కీస్ పేరు ఆమె పేరు చాటున ఉండిపోయింది.

7. గోడ మీది బోర్డు

1955 నిర్ణయానికి రెండు లోపాలున్నాయి. స్టేషన్లలోని భోజనశాలలను వదిలేసింది. అమలును పట్టించుకోలేదు. మొదటి లోపాన్ని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో బాయ్న్టన్ కేసులో పూరించింది. రిచ్‌మండ్ బస్‌స్టేషన్‌లో తెల్లవారి భోజనశాలలో కూర్చున్నందుకు అరెస్టయిన న్యాయవిద్యార్థి కేసు అది. కోర్టు రాజ్యాంగం జోలికి పోకుండా 216వ సెక్షన్‌తోనే తీర్పు ఇచ్చింది. రెండవ లోపం మిగిలిపోయింది. దానిని పరీక్షకు పెట్టడానికే 1961 మే 4న పదముగ్గురు నల్ల, తెల్లజాతి ప్రయాణికులు వాషింగ్టన్ నుండి దక్షిణానికి బస్సులెక్కారు. మే 14న అలబామాలోని ఆనిస్టన్ దగ్గర వారి బస్సును తగలబెట్టారు. మే 29న అటార్నీ జనరల్ రాబర్ట్ కెనెడీ కమిషన్‌కు అర్జీ పెట్టారు. తీరికగా పనిచేస్తుందని పేరుపడిన ఆ సంస్థ నాలుగు నెలలలోపే, సెప్టెంబరు 22న, ఉత్తర్వు ఇచ్చింది. నవంబరు 1 నుండి సీట్లకు జాతి, వర్ణ, మత భేదం లేదని, ఇది కమిషన్ ఆదేశమని ప్రతి అంతర్రాష్ట్ర బస్సులోనూ రాసి పెట్టాలి. వేరు వసతులున్న స్టేషన్‌ను బస్సు కంపెనీలు వాడరాదు.

ఈ ఉత్తర్వులో కొత్త సూత్రం లేదు. కొత్తగా ఉన్నది విధానం. ప్రయాణికుడు అవమానపడి, ఫిర్యాదు చేసి, ఏళ్ల తరబడి ఎదురుచూసే భారాన్ని అతని మీద నుండి తీసి కంపెనీ మీద పెట్టింది. ఛార్జీల విషయంలో కమిషన్ 1887 నుండీ చేస్తున్నది ఇదే. పట్టికను కంపెనీ ముందుగా ప్రకటించాలి, అందరికీ కనబడేలా పెట్టాలి. ఛార్జీల పట్టికకు ఉన్న గౌరవం మనిషి కూర్చునే సీటుకు దక్కడానికి డెబ్బై నాలుగేళ్లు పట్టింది. అది కూడా బస్సు తగలబడిన తరువాత.

ఉత్తర్వు అమలులోకి వచ్చిన నవంబరు 1నే జార్జియాలోని ఆల్బనీలో నల్లజాతి విద్యార్థులు బస్‌స్టేషన్‌కు వెళ్లి తెల్లవారి నిరీక్షణ గదిలో కూర్చున్నారు. పోలీసులు వారిని బయటికి పంపారు. ఆ నెలలోనే అక్కడ ఆల్బనీ ఉద్యమం మొదలయింది. నెలాఖరున మిసిసిపీలోని మెకూంబ్ స్టేషన్‌లో ప్రయాణికులను కొట్టారు.

కమిషన్ తరువాతి చరిత్ర ఛార్జీల చరిత్రే. 1980 చట్టాలు రైలు, ట్రక్కు ఛార్జీలపై దాని పట్టును సడలించాయి. 1995 డిసెంబరు చివర చేసిన చట్టంతో అది రద్దయింది. మిగిలిన పని ఉపరితల రవాణా బోర్డుకు వెళ్లింది.